రుక్మిణికి మనం పడిన బాకీ

స్త్రీల స్నేహాన్ని గురించిన కథలకు ఇటీవల ఒక మూస ఏర్పడింది. భర్త పోయినదో, భర్త విడిచినదో అయిన ఒక స్త్రీ కొత్త ఊరు చేరుతుంది. అక్కడ నలుగురు ఆడవారు వరండాలో కూర్చుండి బొంత కుడుతూ ఉంటారు. ఆమె చేతికీ ఒక సూది ఇస్తారు. పాతగుడ్డల అతుకులు కలిసినట్లే విరిగిన మనసులు కలుస్తవి. బొంత పూర్తి అయ్యేసరికి బ్రతుకు మళ్ళీ మొదలవుతుంది. ఇంగ్లీషులో బాగా చెల్లిన ఈ మూస మాబోటి అనువాదకుల చేతులమీదుగా మన భాషలలోకి దిగుతున్నది. చదివితే మనసు చల్లబడుతుందని దానికి ప్రశంస. మనసు చల్లబడితే తప్పేమిటని అడిగేవారికి సమాధానం చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం. స్నేహానికయ్యే ఖర్చును దాచిపెట్టిన కథను స్నేహాన్ని గురించిన కథగా నేను అంగీకరించలేను.

ఇందుకు నిదర్శనం ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. బెంగాల్–నాగపూర్ రైల్వే రోజులనుండి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారు పనులకు వచ్చి స్థిరపడిన రైలుపట్టణం ఇది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. ఈ స్టేషనులోనే రవీంద్రనాథ ఠాకూరు ఇద్దరు స్త్రీలకు చెలిమి కలిపినాడు. 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకి’ అనే కథాకావ్యం అది. ఆ మాటకు మోసమని అర్థం.

బిను 23 ఏండ్ల రోగిష్టి. గాలిమార్పు కోసం భర్తతో బయలుదేరి, బండి మారటానికి బిలాస్‌పూరులో దిగుతుంది. అత్తవారి ఇంట మూసుకొనిపోయిన ఆమెకు ఆ ప్రయాణమే కొత్త జీవితం. అక్కడ వేచి ఉన్న 6 గంటలలో రుక్మిణి అనే కూలివాని భార్యతో ఆమెకు పరిచయమవుతుంది. కరువుకూ జమీందారు పీడకూ తాళలేక ఊరు విడిచి వచ్చిన కుటుంబం రుక్మిణిది. కూతురి పెండ్లినగలకు 25 రూపాయలు కావాలి. అవి ఇమ్మని బిను భర్తను కోరుతుంది. అతడు సరేనని, రుక్మిణిని చాటుకు పిలిచి, నౌకరీ ఊడుతుందని బెదిరించి, 2 రూపాయలు చేతిలో పెట్టి పంపివేస్తాడు. ఈ సంగతి తెలియకుండానే, నిండు మనసుతో, బిను రెండు నెలలకు కన్నుమూస్తుంది. తరువాత భర్త బాకీ తీర్చుకొనటానికి బిలాస్‌పూరు వచ్చేసరికి రుక్మిణి అక్కడ లేదు. ఏ దిక్కుకు పోయిందో నిశ్చయంగా చెప్పగలవారు లేరు.

ఈ కథను బిను మరణంతో ముగించినట్లయితే మనసు చల్లబరిచే కథకు కావలసినవన్నీ అందులో ఉన్నవి: ప్రపంచాన్ని కొత్తగా చూచిన స్త్రీ, పేద చెలి, ఒక ఉదారకార్యం, శాంతి. ఠాకూరు అక్కడ ఆగలేదు. రుక్మిణి చేతిలోని సొమ్మును లెక్కించినాడు. 23 రూపాయలు తక్కువ వచ్చింది. మన నేటి మూసకథ ఆ భర్త చేసిన పనినే చేస్తున్నది. పాఠకునికి బిను తృప్తిని పంచిపెట్టి, రుక్మిణిని రెండు రూపాయలతో చాటునుండి సాగనంపుతున్నది.

ఇక బొంత సంగతి. ఛత్తీస్‌గఢీలో దీనిని ‘కథరి’ అంటారు. కొత్త దుప్పటి కొనలేని ఇంట, చిరిగిన చీరలను పొరలుగా పరచి, ఇంటిపని తీరిన తరువాత కుట్టుకొనేది. గంతకు తగ్గ బొంత అనే మన సామెతలో కూడ బొంత మెప్పుమాట కాదు. కథరిని ‘రంగురంగుల దుప్పటి’గా తెనిగించినవాడు ఆ ఇంటి లేమిని పుటలోనుండి చెరిపివేసినవాడే అవుతాడు. బీహారులో ముజఫర్‌పూర్ జిల్లా భూసురా ప్రాంతపు స్త్రీలు తమ సుజని కుట్టులో వరకట్నాన్నీ, ఆడశిశువుల హత్యనూ బొమ్మలుగా కుట్టి అమ్మినారు. సూది పట్టిన చేతికి చెప్పుకొనటానికి ఊరట తప్ప మరేమీ లేదని ఎవరన్నారు?

పడమటి సాహిత్యమంతా ఇంతేనని అనటమూ అన్యాయమే. అమెరికా రచయిత్రి సూసన్ గ్లాస్పెల్ 1917లో ‘ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్’ అనే కథ వ్రాసింది. భర్తను చంపినదని నిర్బంధింపబడిన ఒక స్త్రీ ఇంట సగం కుట్టిన బొంత దొరుకుతుంది. దాని వంకర కుట్లను చూచి ఆమె పడిన బాధను గ్రహించిన ఇద్దరు స్త్రీలు, ఆమెకు ఉరి కాగల సాక్ష్యాన్ని దాచివేస్తారు. వారిలో పొరుగామె, ఇన్నాళ్ళూ ఈ ఇంటి గడప తొక్కకపోవటమే తన నేరమని కుములుతుంది. అక్కడ స్నేహం ఆలస్యంగా వచ్చింది, అపాయాన్ని నెత్తిన వేసుకొని వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో స్నేహం ఒక కట్టుబాటు. భోజలి పండుగనాడు, బుట్టలో పెంచిన లేతమొలకలను ఒకరి చెవిని ఒకరు తురిమి చెలులైన ఆడపిల్లలు జీవితాంతం చెలులే. ఇటువంటి చెలిమి కులాల గీతలను కూడ దాటగలదు. కష్టసుఖాలలో రెండు కుటుంబాలనూ నిలబెడుతుంది. అటువంటి చెలికత్తె పేరు ‘మితానిన్’. 2002లో గ్రామ ఆరోగ్యసేవకు స్త్రీలను ఎన్నుకొన్నప్పుడు ప్రభుత్వం ఆ పేరునే పెట్టింది. కాని జీతపు కొలువుగా గాక స్వచ్ఛంద సేవగా ప్రారంభించింది. స్నేహమనే తియ్యని మాట వెనుక శ్రమ ఎంత సులభంగా మరుగుపడగలదో ఇంతకన్న చెప్పాలా?

అలసిన పాఠకురాలికి కాస్త ఊరట వద్దా అని ఆక్షేపణ. తప్పక కావాలి. కాని అలసటకు కారణమైనదాన్నే మరిపించే ఊరట ఆమెను మరునాడు అదే పొయ్యి ముందు, అదే ఒంటరితనంలో కూర్చుండబెడుతుంది. తనవంటి మరొకతె లెక్కను నిజాయితీగా విప్పిచెప్పిన కథ ఆమెకు తోడవుతుంది.

కాబట్టి రచయితలనూ, నా తోడి అనువాదకులనూ కోరేది ఇంతే. బొంత కుట్టే వరండా ఎవరిదో, దారం ఎవరు కొన్నారో, ఆ వేళ పిల్లలను ఎవరు చూచుకొన్నారో, చలిలో చివరకు దానిని ఎవరు కప్పుకొన్నారో చెప్పండి. ఇవన్నీ చెప్పిన తరువాత కూడ ఆ చెలులు నవ్వగలిగితే, ఆ నవ్వును తెలుగు చేయటం నాకు సంతోషమే.