మరమ్మతు హక్కు

బండిని సొమ్మిచ్చి కొన్నవాడు దానికి యజమానియా, లేక కంపెనీకి కౌలుదారా? స్కూటరు గల ప్రతి గృహస్థుడును నేడు ఆలోచింపవలసిన ప్రశ్న యిది.

చేతక్ స్కూటరు 1972లో వెలువడినది. దాని కార్బ్యురేటరు మొరాయించెనేని, వీథిమొగనున్న మెకానిక్కు స్క్రూడ్రైవరుతో విప్పి, జెట్టును ఊది శుభ్రపరచి, గడియలో బండిని నడిపించెడివాడు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి-6 నియమములు అమలైనవి. పొగను తగ్గించు ఈ నియమములను మేము స్వాగతించుచున్నాము. కాని వీనితో పెక్కు బండ్లలో కార్బ్యురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చినది. అందలి లోపమును కనిపెట్టుటకు ప్రత్యేక సాధనము కావలెను. ఆ సాధనమును కంపెనీలు తమ సర్వీసు కేంద్రములకే పరిమితము చేసినచో, రైతు చెడిన బండిని ఆటోకెక్కించి పట్టణమునకు కొనిపోవలసినదే. ఊరి మెకానిక్కు షెడ్డు మూయవలసినదే.

ఈ సంగతి ప్రభుత్వ మెరుగనిది కాదు. విడిభాగములను, సాధనములను బయటి మెకానిక్కులకు అందనీయని 14 కార్ల కంపెనీలకు కాంపిటీషన్ కమిషన్ 2014లో జరిమానా విధించినది. మరమ్మతు హక్కును విచారించుటకు 2022లో కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము పరిశీలనలో మోటారు వాహనములును చేరినవి. విచారణలతో మెకానిక్కు కడుపు నిండదు. విడిభాగములు, సాధనములు, మరమ్మతు గ్రంథములు న్యాయమైన వెలకు ఎల్లరకు అమ్మవలెనని శాసనము రావలెను.

మన దేశమున తయారైన బండిని మన ఊరి చేతులు బాగుచేయజాలనినాడు స్వదేశీయను మాటకు అర్థమేమి? పార్లమెంటునందలి మన ప్రతినిధులు ఇందుకు బదులు చెప్పుదురుగాక!