గడియారమునకు బలి

పిజ్జా విదేశీయాహారము గావున దానిని బహిష్కరింపుడని బోధించుట మా యుద్దేశము గాదు. మిరపకాయ పోర్చుగీసువారి యోడలపై వచ్చినది. నేడది లేని యావకాయ నెవ్వరు నోట బెట్టుదురు? పిజ్జాకు పుట్టినిల్లయిన నేపుల్సు పట్టణమునకు టమాటా సయితము అమెరికా ఖండము నుండి వచ్చినదే. అచ్చట నది బీదల వీధి తిండిగా వర్ధిల్లినది. ఆ వంటవారి నేర్పును 2017లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక సంపదలలో జేర్చినది. తిండికి జాతివైరము నంటగట్టుట తగదు. మా యభియోగము వంటకము మీద గాదు. దానిని మన గడపకు జేర్చు పద్ధతి మీద, ఆ పద్ధతిని మెచ్చి సొమ్మిచ్చు మన మీద.

కట్టెల పొయ్యిలో నేపుల్సు పిజ్జా 60 మొదలు 90 సెకండ్లలో కాలును. కావున తొందర దానికి సహజమే. అయితే పొయ్యిలోని తొందర యెవ్వరి ప్రాణమును దీయదు; వీధిలోని తొందర దీయును. 1960లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున వెలసిన డామినోస్ సంస్థ, 30 నిమిషములలో సరకు నింటికి దెచ్చెదమను పందెముతో దేశమంతట ప్రబలెను. 1989లో సెయింట్ లూయిస్ నగరమున ఆ సంస్థ సరకు మోయు కారు ఎర్రదీపమును లెక్కసేయక వచ్చి మరియొక కారును ఢీకొనగా, నందలి స్త్రీ తీవ్రముగ గాయపడెను. 1993 డిసెంబరులో జూరీవారు సుమారు 7 కోట్ల 90 లక్షల డాలర్ల పరిహారమును విధించిరి. పిదప రాజీలో నా మొత్తము తగ్గినమాట నిజమే. కాని తీర్పు వెలువడిన నెలలోనే సంస్థ తన పందెమును విడిచెను. దక్షిణ కొరియాలో సరకు మోయు యువకులు మరణించుటచే ప్రజలు ఆందోళన సలుపగా, 2011 ఫిబ్రవరిలో నచ్చటను విడిచిరి.

మన దేశమున నేమి జరిగినది? 1996లో ఢిల్లీలో తలుపు తెరచిన యీ వ్యాపారమునకు నేడు రెండువేలకు మించిన దుకాణములు గలవు. పుట్టినచోట తీర్పునకు వెరచి విడిచిన పందెమునే యిచ్చట పెక్కేండ్లు చాటిరి. 2023లో కొన్ని నగరములందు గడువును 20 నిమిషములకు గుదించి, దానిని గొప్పగా బ్రకటించిరి. అచ్చట జెల్లనిది యిచ్చట జెల్లుటకు గారణమేమి? మన వీధులు వారి వీధులకంటె మేలైనవా? లేక మన బిడ్డల ప్రాణములు చవుకయా?

"ఆలస్యమైనను పిల్లవానిని దండింపము, వంటశాలలోనే కాలమును మిగుల్చుదుము" అని సంస్థలవారు సమాధానము జెప్పుదురు. వంటశాలలో నెంత మిగిల్చినను, జడివానలో బెంజిసర్కిలు గాని అమీరుపేట గాని దాటవలసినవాడు ఆ పిల్లవాడే. దండనమనగా జీతము గోయుట మాత్రమే కాదు. గడియారము చూచుచు గుమ్మమున నిలిచిన కొనుగోలుదారుని కసురు దండనము కాదా? అతడు తగ్గించి యిచ్చు నక్షత్రములు దండనము కావా? కాగితముమీద శిక్ష లేకున్నను బ్రతుకుమీద నున్నది.

ఇతర హోటళ్ల యాహారమును మోయించు యాప్ సంస్థలు మరియొక యడుగు ముందునకు వేసినవి. వానికి సేవకులే లేరట; అందరును "డెలివరీ పార్ట్‌నర్లు", అనగా భాగస్వాములట! 1932 నాటి భాగస్వామ్య చట్టమును జదివిన మాకు, లాభమున బాలు లేని భాగస్వామి యెవడో తెలియదు. బండి వానిది, పెట్రోలు వానిది, విరిగిన యెముక వానిది. లాభము మాత్రము సంస్థది. సేవకుడు విధినిర్వహణమున జేసిన పొరపాటునకు యజమాని బాధ్యుడను ధర్మమును దప్పించుకొనుటకే యీ మర్యాదపేరు. 2020లో జేసిన సామాజిక భద్రతా స్మృతి అయిదేండ్లు నిద్రించి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. సంస్థలు తమ వార్షిక వ్యాపారపు సొమ్మునుండి నూటికి 1 మొదలు 2 వంతుల వరకు కార్మికుల నిధికి జెల్లింపవలెనని యందు గలదు. మంచిదే. కాని నిధి దెబ్బ తగిలిన పిమ్మటి మందు. దెబ్బను దప్పించునది కాదు.

కావున మేము గోరునది మూడు మాటలు. నిమిషములు లెక్కబెట్టి వాగ్దానము జేయు ప్రకటనలను జట్టముచే నిషేధింపవలయును. ఎవని పేరు సంచిమీద నున్నదో వాడే మార్గమునందలి ప్రమాదమునకు బాధ్యుడు గావలయును. మూడవది మన చేతిలోని పని. దానికి శాసనసభతో బనిలేదు. ఆలస్యముగ వచ్చినవానిని గసరక మంచినీళ్లిచ్చి పంపుట, గడువు చూపి ధర మాన్పించుకొనుట నవమానముగ నెంచుట.

సంస్థలను నిందించుట సులభము. వారి పందెమునకు బలము మన తొందరయే. పెండ్లి పందిట రెండవ బంతికై గంటసేపు నవ్వుచు వేచియుండు జాతికి, ఇంటిలో గూర్చుండి యరగంట యోర్చుట కష్టమా? చల్లారిన రొట్టెను మరల వేడిచేయవచ్చును. చల్లారిన దేహమును వేడిచేయుట యే సంస్థకును, ఏ కొనుగోలుదారునకును దరము గాదు.