మాత్రకున్న జాగ్రత్త మురుగుకేదీ?

ఒక రసాయనం క్యాన్సర్ తెస్తుందో లేదో ఎలుకల మీద పరీక్షించి తేల్చాలంటే రెండేళ్ల పాటు వాటికి దాన్ని ఇవ్వాలి, ఆపై కణజాలాల్ని పరిశీలించాలి. ఖర్చు లక్షల డాలర్లలో ఉంటుంది. వివిధ దేశాల జాబితాల్లో నమోదైన రసాయనాలు, మిశ్రమాలు మూడున్నర లక్షలకు పైనే అని 2020లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐదు దశాబ్దాలలో పరిశీలించగలిగినవి వెయ్యికి కాస్త ఎక్కువ. అన్నింటినీ ఎలుకలతోనే తేల్చడం అయ్యే పని కాదు. ముందు దేన్ని పరీక్షించాలో చెప్పే సాధనం కావాలి. కంప్యూటర్ గణన ఆ పని చేస్తుంది.

దీని ఆధారం అణువు నిర్మాణం. ఎపాక్సైడ్, ఆరోమాటిక్ అమైన్, నైట్రోసో వంటి భాగాలున్న అణువులు నేరుగానో, శరీరంలో మార్పు చెందాకో డీఎన్ఏకు అతుక్కుని, క్యాన్సర్‌కు దారితీయగల ఉత్పరివర్తనాలు కలిగించవచ్చు. వాటిని పట్టేందుకు 1970లలో బ్రూస్ ఏమ్స్ రూపొందించిన బ్యాక్టీరియా పరీక్ష ఫలితాలు వేల సంఖ్యలో పోగుపడ్డాయి. వాటి నుంచి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ కొత్త అణువు నిర్మాణాన్ని చూసి అనుమానించాలో వద్దో చెబుతుంది. ఔషధ నియంత్రణ సంస్థలు దీన్ని ఇప్పటికే నమ్ముతున్నాయి. మందుల్లోని మలినాల ఉత్పరివర్తన స్వభావాన్ని నిపుణుల నియమాలతో ఒకసారి, గణాంక పద్ధతితో మరోసారి అంచనా వేయవచ్చని ఔషధ నియమాలను సమన్వయపరిచే అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ 2014 నాటి తన ఎం7 మార్గదర్శకంలో అంగీకరించింది. రెండూ అనుమానం లేదంటే ఆ మలినానికి ప్రయోగశాల పరీక్ష అక్కర్లేదు. అమెరికా, యూరప్‌లకు మందులు పంపే హైదరాబాద్ కంపెనీలకు ఇది రోజువారీ పని.

చిక్కల్లా ఇక్కడే ఉంది. మాత్ర నుంచి తొలగించిన మలినం మాయమైపోదు. ద్రావణులతో, వ్యర్థజలాలతో కలిసి ఫ్యాక్టరీ దాటుతుంది. అక్కడ మన కొలతల్లో పెద్దపీట బీఓడీ, సీఓడీలది. నీటిలోని కాలుష్యం ఎంత ఆక్సిజన్‌ను హరిస్తుందో అవి చెబుతాయి, అందులో ఏ అణువుందో చెప్పవు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ఓ పరిశోధక బృందం వెల్లడించింది. అది క్యాన్సర్ కారకం కాదు, యాంటీబయాటిక్. అయితే శుద్ధి చేసిన నీటిలోనూ రసాయనాలు మిగిలిపోతాయని చెప్పడానికి ఆ ఒక్క ఫలితం చాలు.

కంప్యూటర్ పొరబడదా అని అడగవచ్చు. పొరబడుతుంది. డీఎన్ఏను తాకకుండా హార్మోన్ల ద్వారానో, దీర్ఘకాలిక వాపు ద్వారానో క్యాన్సర్‌కు దారితీసేవి ఈ గణనకు సరిగా చిక్కవు. వందలాది రసాయనాలు కలిసినప్పుడు ఏమవుతుందో కూడా అది చెప్పలేదు. అడగని ప్రశ్నకు జవాబూ ఇవ్వదు: రక్తపోటుకు వాడే వల్సార్టన్ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ 2018లో బయటపడేదాకా దాన్ని తయారీదారులు తమ మలినాల జాబితాలో చేర్చనే లేదు. నిర్మాణం చూస్తే అనుమానం రాక తప్పని అణువది. ఆ వైఫల్యం గణనది కాదు, జాబితాది. పైగా ఇక్కడ గణనను తీర్పు చెప్పమని ఎవరూ కోరడం లేదు. అనుమానితుల వరుస చూపితే చాలు, తేల్చాల్సింది ప్రయోగశాలే. ఇప్పుడు ఆ వరుస కూడా లేదు కాబట్టి, లోపాలున్న సాధనమైనా ఏమీ లేకపోవడం కన్నా మేలు.

ఈ గణన కోసం రసాయనాల నిర్మాణాలు వెల్లడిస్తే వ్యాపార రహస్యాలు బయటపడతాయన్నది పరిశ్రమ అభ్యంతరం. అవే నిర్మాణాలను విదేశీ ఔషధ నియంత్రణ సంస్థలకు కంపెనీలు గోప్యంగా సమర్పిస్తూనే ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలికీ అలాగే ఇవ్వవచ్చు. నిర్మాణాలను దాచి, నీటిలో తేలిన ఫలితాలను మాత్రం ప్రజల ముందుంచవచ్చు. ఖర్చు సాకూ చెల్లదు. ఇలాంటి గణనకు ఓఈసీడీ రూపొందించిన క్యూసార్ టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మండళ్లు అనుమతి పత్రం ఇచ్చే ముందే ముడిసరుకులు, మధ్యస్థ రసాయనాలు, ఉపఉత్పత్తుల పూర్తి జాబితాను, వాటిపై రెండు పద్ధతుల గణనను తప్పనిసరి చేయాలి. అనుమానం తేలిన ప్రతి రసాయనాన్నీ వ్యర్థజలాల్లో, చుట్టుపక్కల బోరుబావుల్లో కొలిపించాలి. విదేశీ రోగి మింగే మాత్రకు చూపుతున్న శ్రద్ధ ఆ మాత్ర తయారైన ఊరి నీటికీ దక్కాలి.