గోడకెక్కిన చందమామ

ఈమధ్య రాజమండ్రిలో ఒకరింటికి పేరంటానికి వెడితే హాల్లో పాత చందమామ బొమ్మ ఫ్రేము కట్టి ఉంది. శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడు, శంకర్ గారి బొమ్మ. బాగుందండీ, కాదనను. కానీ అది పుస్తకంలోంచి బ్లేడుతో కోసిన పేజీ అని తెలిశాక మనసు చివుక్కుమంది.

కాగితానికి రెండు వైపులుంటాయి కదా! బొమ్మ అద్దంలోకి వెడితే వెనకవైపు కథ గోడకి ముఖం పెట్టి కూర్చుంటుంది. 1947 జూలైలో మొదలైన చందమామకి అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. ఇక కొత్తవి రావు. ఉన్నవైనా ఎవరి చలవ? ఏడాది సంచికలన్నీ బైండు చేయించి బీరువా అడుగున దాచిన మన అమ్మలూ, అత్తయ్యలదే. వాటిని తూకానికి వేసేవాళ్లు కొందరు, కోసి అమ్మేవాళ్లు కొందరూనా!

బొమ్మల మీద మోజు తప్పని కాదు. వడ్డాది పాపయ్యగారి రంగులు చూస్తే ఎవరికి ఆశ పుట్టదు? కానీ నరసాపురంలో పుట్టిన బాపుగారు గీసిన బుడుగుని, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడివారి మాటల్లోంచి లాగేసి ఒంటరిగా గోడెక్కిస్తే పాపం వాడికేం తోస్తుంది?

అంత ముచ్చటైతే కలర్ జెరాక్స్ తీయించి కట్టించుకోండి. అసలు పేజీ అయితే మన గోదావరి చెమ్మకి అద్దానికి అంటుకుపోతుంది, ఎండకి వెలిసిపోతుంది. ఎప్పుడో ఊడిపోయిన అట్ట విడిగా దొరికిందా, సరే. అద్దం కాగితానికి తగలకుండా మధ్యన అట్టచట్రం పెట్టమనండి. వెనక ఏ నెల సంచికో రాసి ఉంచండి.