నూతనజన్మ, నిర్హేతుక కృప: క్రైస్తవ ముక్తిసిద్ధాంతాన్ని మనం ఎలా విమర్శించాలి?

పరమతాన్ని నిరసించదలచినవాడు ముందుగా దానిని ఆ మతస్థుడే "అవును, నేను చెప్పేది ఇదే" అని ఒప్పుకొనేటట్లు ప్రతిపాదించాలన్నది మన దర్శనకారులు పాటించిన మర్యాద. భగవద్రామానుజులు శ్రీభాష్యారంభంలో అద్వైతాన్ని ఖండించడానికి ముందు నిలిపిన మహాపూర్వపక్షం దీనికి ఉత్తమ నిదర్శనం. అంత సమగ్రంగా ప్రతిపక్షాన్ని నిలిపిన తరువాతనే ఆయన తన సిద్ధాంతాన్ని ఆరంభించారు.

క్రైస్తవ మతం విషయంలో మాత్రం ఈ మర్యాదను మనలో చాలామంది విడిచిపెట్టారు. "పాపం చేయవచ్చు, నమ్మితే చాలు, స్వర్గం దొరుకుతుంది, ఇదే వారి మోక్షశాస్త్రం" అని కొందరు పరిహసిస్తారు. "వారి కృప, మన శరణాగతి ఒక్కటే" అని మరికొందరు సమన్వయం చేస్తారు. ఈ రెండూ విచారణను తప్పించుకొనే మార్గాలే. మొదటి ఆక్షేపణ వారికంటె ముందుగా మన ప్రపత్తిశాస్త్రానికే తగులుతుంది. రెండవ సమన్వయం ఇరుపక్షాల ఆచార్యులకూ అన్యాయం చేస్తుంది. నిజమైన భేదం వేరొకచోట ఉన్నదని నా అభిప్రాయం.

నీకొదేము అడిగిన ప్రశ్న

నూతనజన్మ ప్రసంగం యోహాను సువార్త మూడవ అధ్యాయంలో వస్తుంది. నీకొదేము యూదుల పెద్ద, శాస్త్రజ్ఞుడు, పరిసయ్యుల వర్గానికి చెందినవాడు. అతడు రాత్రివేళ యేసు వద్దకు వచ్చాడు. దేవుని రాజ్యాన్ని చూడాలంటే మనుష్యుడు మరల జన్మించవలసి ఉన్నదని యేసు అతనికి చెప్పాడు. ఇక్కడ గ్రీకు మూలంలో ఉన్న "అనోథెన్" అనే పదానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి "మరల", రెండవది "పైనుండి". నీకొదేము మొదటి అర్థాన్నే పట్టుకొని, వృద్ధుడైనవాడు తిరిగి మాతృగర్భంలో ఎలా ప్రవేశిస్తాడని అడిగాడు. యేసు చెప్పినది శరీరజన్మను గురించి కాదు; జలంవల్ల, ఆత్మవల్ల కలిగే జన్మను గురించి. ఆ భాషలో "న్యూమా" అన్న ఒకే పదం గాలికీ ఆత్మకూ వర్తిస్తుంది. గాలి గమనాన్ని మనుష్యుడు శాసించలేనట్లే ఈ జన్మనూ శాసించలేడన్నది అక్కడి తాత్పర్యం.

ఈ ఘట్టాన్ని చూపి, బైబిలులో కూడ పునర్జన్మ ఉన్నదని వ్రాసే హైందవ రచయితలు ఉన్నారు. తీతుకు వ్రాసిన పత్రిక తెలుగు అనువాదంలో "పునర్జన్మ" అన్న పదమే కనిపించడం ఈ భ్రాంతికి తోడ్పడుతుంది. కాని అక్కడి పునర్జన్మ దేహాంతరప్రాప్తి కాదు. అది స్నానసంస్కారంతో ముడిపడిన ఆంతరంగిక నవీకరణం. నీకొదేము పొరబడినచోటనే మనమూ పొరబడి, దానిని ప్రమాణంగా చూపడం తగదు.

మన పరిభాషలో దీనికి దగ్గరగా వచ్చేది ద్విజత్వం. ఉపనయనంలో ఆచార్యుడు పితృస్థానంలోనూ, సావిత్రి మాతృస్థానంలోనూ నిలిచి వటువుకు రెండవ జన్మ ఇస్తారు. అయితే ఆ జన్మకు వయోనియమం, అధికారనియమం ఉన్నాయి. అది ఒక ధర్మాచరణకు ద్వారం తెరుస్తుంది. క్రైస్తవులు చెప్పే జన్మకు గ్రహీతలో ముందుగా ఉండవలసిన యోగ్యత ఏదీ లేదు. జన్మ అనే ఉపమానంలోనే ఈ అర్థం ఇమిడి ఉన్నది. ఏ శిశువూ తన జన్మకు తాను కర్త కాదు. "నేను కష్టపడి పుట్టాను" అని ఎవరూ అనలేరు.

ఇంతటి నిస్సహాయతను వారు ఎందుకు అంగీకరించారు? పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఏడవ అధ్యాయంలో దీనికి సమాధానం ఉన్నది. ధర్మశాస్త్రం ఏది మంచిదో చెబుతుంది కాని ఆచరించే శక్తిని ఇవ్వదు. మేలు చేయగోరే మనస్సే కీడువైపు నడుస్తుంది. గీత మూడవ అధ్యాయంలో అర్జునుడు అడిగిన ప్రశ్న ఇదే కదా! ఇష్టం లేకపోయినా బలాత్కారంగా నియోగింపబడినవానివలె పురుషుడు పాపం ఎందుకు చేస్తాడని అతడు అడిగాడు. రోగాన్ని గుర్తించడంలో ఇరువురికీ భేదం లేదు.

నీకొదేము కథకు ఆ సువార్తలోనే అనుబంధం ఉన్నది. ఏడవ అధ్యాయంలో అతడు, విచారణ లేకుండా ఒకనికి తీర్పు తీర్చవచ్చునా అని సభలో ప్రశ్నిస్తాడు. పందొమ్మిదవ అధ్యాయంలో యేసు భౌతికకాయానికి పూయడానికి బోళం, అగరు తెస్తాడు. అతడు నూతనజన్మ పొందాడని సువార్తికుడు ఎక్కడా వ్రాయలేదు. అతని నడవడి మారిన తీరును మాత్రమే చూపాడు. తాను రక్షింపబడినట్లు తానే ప్రకటించుకొనేవారికీ, ఆ ప్రకటనను పరిహసించే మనకూ ఈ మౌనం గమనార్హం.

"సులభమోక్షం" అన్న ఆక్షేపణ

కృప ఉచితమైతే పాపానికి అడ్డేమున్నదన్న ప్రశ్నను మనకంటె ముందు పౌలే లేవనెత్తాడు. అదే పత్రిక ఆరవ అధ్యాయంలో దానిని తీవ్రంగా తిరస్కరించాడు. పాపం విషయంలో మరణించినవాడు తిరిగి దానిలో ఎలా జీవిస్తాడన్నది అతని యుక్తి. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక చెబుతున్నది. జర్మనీ దేశపు దైవశాస్త్రవేత్త డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథంలో, పశ్చాత్తాపం కోరని కృపను "చౌక కృప" అని నిందించి, దానిని చర్చికి ప్రాణాంతక శత్రువుగా నిరూపించాడు. హిట్లరును ఎదిరించిన అతనిని 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఉరితీశారు. కృపను నమ్మినవాడు ఎంత మూల్యం చెల్లించవలసి రావచ్చునో అతని జీవితమే చెబుతున్నది.

మన వైపు చూద్దాం. భాగవతం అష్టమస్కంధంలో గజేంద్రుడు స్వబలం ఉన్నంతకాలం పోరాడాడు. ఆ బలం ఉడిగిన తరువాతనే రక్షకుడు వచ్చాడు. షష్ఠస్కంధంలోని అజామిళుడు మరణసమయంలో పిలిచినది కుమారుని, వచ్చినవారు విష్ణుదూతలు. ఇంతకంటె "సులభమైన" రక్షణ ఏ మతంలో ఉన్నది? చరమశ్లోకంలో భగవానుడు సర్వధర్మపరిత్యాగపూర్వకమైన శరణాగతిని విధించి, సర్వపాపవిమోచనాన్ని ప్రతిజ్ఞ చేశాడు. సులభత్వమే దోషమైతే ఈ మూడింటినీ మనం విడిచిపెట్టవలసి వస్తుంది.

అజామిళోపాఖ్యానం అక్కడితో ముగియదని మనం సమాధానం చెబుతాము. అది సత్యమే. యమపాశంనుండి విడివడిన అజామిళుడు విష్ణుదూతల సంవాదం విని, పశ్చాత్తాపంతో గంగాద్వారానికి వెళ్ళి, యోగనిష్ఠలో దేహాన్ని విడిచిన తరువాతనే వైకుంఠం చేరాడు. కృప ముందు వచ్చింది, సాధన దాని ఫలంగా వెనుక వచ్చింది. పౌలు, బోన్‌హోఫర్ చెప్పిన క్రమం కూడ ఇదే. మనకు మనం ఇచ్చుకొనే సమాధానాన్ని ఎదుటివారికి నిరాకరించడం న్యాయం కాదు.

ఇరువురినీ చీల్చిన చిక్కు

కృపకు హేతువు ఉంటే అది ప్రతిఫలమవుతుంది, కృప కాదు. హేతువు లేకపోతే కొందరికి కలిగి మరికొందరికి కలగకపోవడం పక్షపాతమవుతుంది. ఈ ఉభయతఃపాశంలో ఇరు సంప్రదాయాలూ చిక్కుకొన్నాయి.

మనుష్యుడు స్వసంకల్పంతో ధర్మాన్ని ఆచరించగలడని పెలాజియస్ వాదించాడు. ఆ సంకల్పమే వ్యాధిగ్రస్తమైనదని అగస్టీన్ (354–430) ప్రతివాదం చేశాడు. 418లో కార్తేజ్ సభ పెలాజియస్ మతాన్ని ఖండించింది. కృపయే మొదలిడుతుందని, మేల్కొన్న సంకల్పం దానితో సహకరిస్తుందని 1547లో ట్రెంట్ సభ లూథర్ అనుయాయులకు ఎదురుగా నిర్ణయించింది. ప్రొటెస్టంటులలోనే కాల్విన్ మార్గీయులకూ ఆర్మినియస్ మార్గీయులకూ 1618–19లో డార్ట్ సభలో వివాదం ముదిరింది. లూథరన్, కేథలిక్ పక్షాలు ఈ విషయంలో ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేయడానికి 1999 అక్టోబరు 31 వరకు ఆగవలసి వచ్చింది.

శ్రీవైష్ణవంలో వచ్చిన భేదం దీనిని తలపిస్తుంది. పిళ్ళై లోకాచార్యుల మార్గంలో కృప నిర్హేతుకం. మార్జాలం తన కిశోరాన్ని నోట కరచుకొని పోయినట్లు భగవానుడే జీవుని తీసుకొనిపోతాడు. వేదాంత దేశికుల మార్గంలో మర్కటకిశోరం తల్లిని పట్టుకొన్నట్లు జీవుడు ప్రపత్తి చేయాలి. అయితే ఆ ప్రపత్తి కృపకు మూల్యం కాదు, "వ్యాజం" మాత్రమే. రుడాల్ఫ్ ఓటో అనే జర్మన్ పండితుడు భారతీయ కృపామార్గాన్నీ క్రైస్తవాన్నీ పోల్చి 1930లో ఒక గ్రంథమే వ్రాశాడు. సమస్య సమానమైనంత మాత్రాన సమాధానాలు సమానం కావు.

నిజమైన భేదం

మొదటి భేదం ఈశ్వరుని న్యాయానికి సంబంధించినది. బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయం ప్రథమపాదంలో వైషమ్యనైర్ఘృణ్య విచారం ఉన్నది. జీవుల సుఖదుఃఖభేదం అనాదికర్మసాపేక్షం కనుక ఈశ్వరునికి పక్షపాతం, నిర్దయత్వం అంటవని సూత్రకారుల నిర్ణయం. పైగా ఈ జన్మలో కృపకు అభిముఖుడు కానివానికి ద్వారం మూసుకొనిపోదు. ఒకే జన్మ, దాని తరువాత శాశ్వత నిర్ణయం అంగీకరించిన క్రైస్తవానికి ఈ అవకాశం లేదు. సువార్త వినకుండా మరణించినవాని గతి ఏమిటన్న ప్రశ్న వారిని శతాబ్దులుగా బాధించింది. తన దోషం లేకుండా సువార్తను ఎరుగనివాడు కూడ రక్షణ పొందవచ్చునని 1964లో రెండవ వాటికన్ సభ చెప్పడం ఆ బాధనుండి పుట్టినదే. మన పక్షంలోనూ నిత్యసంసారులను, తమోయోగ్యులను అంగీకరించిన మధ్వసిద్ధాంతం ఉన్నదని మరచి, ఈ విషయంలో గర్వించడం తగదు.

రెండవ భేదం నాకు మరింత మౌలికమైనదిగా తోస్తున్నది. క్రైస్తవంలో రక్షింపబడినవాడు నూతన సృష్టి. ఆదాముతో పతనమైన ప్రకృతి స్థానంలో మునుపు లేని జీవితం అతనికి ఇవ్వబడుతుంది; కనుకనే వారికి "జన్మ" అన్న ఉపమానం తగినది. బ్రహ్మసూత్రాల ఫలాధ్యాయం ముక్తిని ఆవిర్భావం అంటున్నది. రామానుజుల మతంలో భగవచ్ఛేషత్వం జీవునికి స్వాభావికం. కర్మరూపమైన అవిద్య దానిని కప్పింది. కృప ఆ ఆవరణాన్ని తొలగిస్తుంది. మట్టి అంటిన మణిని కడిగినపుడు ప్రకాశం కొత్తగా పుట్టదు.

ఈ భేదం పుస్తకాలకే పరిమితమైనది కాదు. కోవెలకు వెళ్ళే అన్న, చర్చికి వెళ్ళే తమ్ముడు ఒకే ఇంట ఉన్న కుటుంబాలు తెలుగునేలపై ఎన్నో ఉన్నాయి. ఇరువురూ "కృప" అన్న సంస్కృతపదాన్నే పలుకుతారు. తమ్ముని దృష్టిలో అన్న ఇంకా పుట్టవలసినవాడు కావచ్చు. అన్న మాత్రం తన సిద్ధాంతాన్ని నిజంగా నమ్మినవాడైతే, తమ్ముడు ఏ దేవాలయానికి వెళ్ళినా భగవచ్ఛేషభూతుడే అని అంగీకరించి తీరాలి. అతనిని భ్రష్టుడని నిందించే అధికారం విశిష్టాద్వైతికి లేదు. నేను మన సిద్ధాంతాన్నే స్వీకరించడానికి ప్రధానకారణం ఇదే. దానిని ఆచరణలో పెట్టనివాడు వాదంలో గెలిచినా ప్రయోజనం లేదు.

వారినుండి మనం గ్రహించవలసినది కూడ ఒకటి ఉన్నది. జపసంఖ్య, ఉపవాసదినాలు, చేసిన యాత్రలు లెక్కించుకొంటూ సాధకుడు తెలియకుండానే వాటిని మోక్షానికి మూల్యంగా భావించడం మొదలుపెడతాడు. ప్రపత్తి చేశానన్న అభిమానం కూడ ఆ కోవలోనిదే. తన జన్మకు తాను కర్త కాని శిశువును స్మరించడం ఈ రోగానికి మంచి ఔషధం. సాధన విడువవద్దు, లెక్క విడవాలి.

సర్వం శ్రీమన్నారాయణార్పణమస్తు.