ఆయిల్ మారిస్తే వారంటీ హుళక్కేనా?

మొన్నామధ్య కారు హీటర్ ఫ్యాను పోయింది. డీలర్ దగ్గర కుర్రాడు రికార్డు చూసి, "ఆయిల్ మీరే మార్చుకుంటున్నారా? అయితే వారంటీ రాదండీ" అన్నాడు. ఆయిలుకీ ఫ్యానుకీ సంబంధమేంటయ్యా, ఏ కాగితంలో రాసుందో చూపించమంటే నీళ్ళు నమిలాడు.

నేను టర్బో బిగించి ఇంజను పేల్చుకుంటే ఆ ఖర్చు నాదే, ఒప్పుకుంటాను. కానీ నా పనివల్లే పాడైందని చూపించాల్సింది వాళ్ళు కాదూ? అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. క్విబెక్ వినియోగదారుల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, ఫలానా బ్రాండు సరుకు వాడితేనే వారంటీ అనే షరతు, కొన్ని మినహాయింపులు తప్ప, చెల్లదు. మా ఒంటారియోలో అంత సూటి నిబంధన లేకపోవడమే ఈ బెదిరింపులకి అలుసు. మరమ్మతు కోసం డిజిటల్ తాళాలు తీయచ్చని 2024 నవంబరులో కాపీరైటు చట్టాన్నే సవరించారు, ఫిల్టరు మార్చుకోడానికి మాత్రం భయపడాలిట!

ఎవడో రాసిన కోడు విప్పి బాగుచేసే మనవాళ్ళు కూడా "వారంటీ" అనగానే నోరు మూసుకుని డబ్బు కట్టేస్తారేం? (మా ఆవిడైతే "కట్టేసి రండి, చలి" అంటోంది.)

ఆయిలు, ఫిల్టర్ల రసీదులు, తేదీలు, కిలోమీటర్లు రాసిన నోటుబుక్కు తీసుకుని శనివారం మళ్ళీ వెళ్తున్నా. కుదరదంటే, కారణం కాగితం మీద రాసిమ్మంటాను.