సలాము – శాంతిని కోరే పలకరింపు

మనిషికి మనిషి ఎదురైనప్పుడు నోట వెలువడే మొదటి మాటలోనే అతని సంస్కారం తెలిసిపోతుందని పెద్దలంటారు. మన తెలుగులో 'సలాము' అనే మాట చాలాకాలంగా వాడుకలో ఉన్నది. కాని దానిని మనం వాడే తీరు గమనింపదగినది. 'సలాము కొట్టడం' అంటే తక్కువవాడు ఎక్కువవాని ముందు తలవంచి నిలబడటమనే అర్థం మన నుడికారంలో స్థిరపడిపోయింది. నవాబుల కొలువులూ, దొరల కచేరీలూ ఆ మాటకు అంటించిన మరక అది. అసలు అరబ్బీ భాషలో 'సలామ్' అంటే శాంతి. 'అస్సలాము అలైకుమ్' అంటే మీపై శాంతి కలుగుగాక అని అర్థం. ఎదుటివాని క్షేమం కోసం భగవంతుని వేడుకునే చిన్న ప్రార్థన అది.

పొరుగువారి ఆచార వ్యవహారాలను పరిచయం చేసే ఈ శీర్షికలో ఈ మారు ఇస్లాంలోని పలకరింపు మర్యాదలను, నమాజు ముగిసిన తరువాతను, పండుగ దినాలలోను చేసే ప్రార్థనలను పాఠకుల ముందుంచుతున్నాము. మన ఉద్యోగులలోని ముస్లిం కుటుంబాలకు ఇవన్నీ నిత్యానుభవాలే. మిగిలిన కుటుంబాలవారికి, ముఖ్యంగా పిల్లలకు, ఉపయోగపడగలవని మా ఆశ.

మన నగరం – మన పొరుగు

జంషెడ్జీ టాటా 1902లో తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, ఇంకా పునాదులైనా పడని ఉక్కునగరం ఎలా ఉండాలో వివరించారు. వెడల్పైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలతోపాటు హిందూ దేవాలయాలకు, మసీదులకు, చర్చిలకు వేరువేరుగా స్థలాలు కేటాయించాలని అందులో సూచించారు. 1919లో ఆయన పేరు పెట్టుకున్న మన జమ్షెడ్‌పూర్ ఆ ఊహకు రూపమిచ్చింది. బిష్టుపూర్‌లో మన తెలుగువారు నిర్మించుకున్న శ్రీరామ మందిరం ఉన్నది. అదే బిష్టుపూర్‌లో మసీదూ ఉన్నది. సాక్చిలోను, ధాతకీడీహ్‌లోను, జుగసలాయిలోను, సువర్ణరేఖానది ఆవలి ఒడ్డున మాంగోలోను రోజూ ఐదు పూటలా అజాన్ వినిపిస్తుంది.

అయితే 1964లోను, 1979లోను ఈ నగరమే మతకల్లోలాల మంటలలో చిక్కుకున్నది. 1979 ఏప్రిల్‌లో బలైనవారిలో మతసామరస్యం కోసం తపించిన ఉర్దూ రచయిత జకీ అన్వర్ ఒకరు. కొలిమి ముందు భుజం భుజం కలిపి పనిచేసే చోట కూడా, ఇళ్ళకు చేరిన తరువాత రాకపోకలు లేకపోతే పుకారుకు చోటు దొరుకుతుందని ఆ చరిత్ర మనకు చెబుతున్నది. రాకపోకలకు వాకిలి తెరిచేది పలకరింపే.

ఎవరు ముందు?

ఎవరైనా మనలను గౌరవంగా పలకరిస్తే అంతకంటె మేలైన రీతిలో బదులీయాలి, లేదా కనీసం అదే మాటనైనా తిరిగి చెప్పాలి అన్నది దివ్య ఖురాన్ నాలుగవ అధ్యాయం 86వ వాక్యపు సారాంశం. అందుకే 'అస్సలాము అలైకుమ్' అన్నవారికి 'వ అలైకుముస్సలామ్' అని ఊరుకోక, 'వ రహ్మతుల్లాహి వ బరకాతుహు' అని కూడా జోడిస్తారు. శాంతితోపాటు దైవకృప, శుభాలు కూడా మీకు కలుగుగాక అని భావం. సలాము చెప్పడం సున్నత్, అనగా ప్రవక్త చూపిన ఆచారం. బదులు చెప్పడం మాత్రం తప్పనిసరి విధి. పదిమంది కూర్చున్నచోట సలాము వినబడితే వారిలో ఒక్కరు బదులిచ్చినా అందరి బాధ్యత తీరుతుంది.

ముందుగా ఎవరు చెప్పాలి? వాహనం మీద వెళ్ళేవారు నడిచేవారికి, నడిచేవారు కూర్చున్నవారికి, కొద్దిమంది ఎక్కువమందికి, చిన్నవారు పెద్దలకు చెప్పాలని హదీసులు నిర్దేశిస్తున్నాయి. తెలిసినవారికే కాక తెలియనివారికి కూడా చెప్పాలన్నది మరొక నియమం. వాహనం ఎక్కినవాని మనసులో గర్వం చోటు చేసుకోకూడదనే ఈ ఏర్పాటని వ్యాఖ్యాతలు అంటారు. ఈ లెక్కన కారులో వచ్చే అధికారి, గేటు వద్ద నిలబడిన కాపలాదారుకు తానే ముందుగా సలాము చెప్పాలన్నమాట! మన 'సలాము కొట్టడానికి' ఇది పూర్తిగా తలక్రిందులు కదా!

సలాము చెప్పరాని వేళలు కూడా ఉన్నాయి. నమాజులో ఉన్నవారిని, ఖురాన్ పఠిస్తున్నవారిని, ఖుత్బా అనే ధర్మోపదేశం వింటున్నవారిని పలకరింపుతో కదిలించరాదు. ఇంకొకరి ఇంటికి వెళ్ళినప్పుడు ముమ్మారు అనుమతి అడిగినా బదులు రాకపోతే నొచ్చుకోకుండా వెనుదిరగాలి.

నమాజు ముగిసిన తరువాత

నమాజు సలాముతోనే ముగుస్తుంది. ఆరాధకుడు తలను మొదట కుడివైపునకు, పిదప ఎడమవైపునకు త్రిప్పి 'అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్' అంటాడు. ఇరుప్రక్కల ఉన్న తోటివారికీ, దైవదూతలకూ ఆ శాంతివచనం చెందుతుంది. అంతసేపు దేవునితో సంభాషించినవాడు తిరిగి లోకంలోకి అడుగుపెడుతూ మొదట పలికే మాట ఇరుగుపొరుగులకు శాంతి కోరడమన్నమాట.

ఆ వెంటనే లేచిపోక కొంతసేపు కూర్చొని ధ్యానం చేయడం సంప్రదాయం. ముందుగా 'అస్తగ్‌ఫిరుల్లాహ్' అని మూడుసార్లు క్షమాపణ వేడుకుంటారు. ఆరాధన పూర్తిచేసిన మరుక్షణమే క్షమాపణ కోరడంలో, తాను చేసినది చాలదన్న వినయం కనిపిస్తుంది. తరువాత 'సుభానల్లాహ్' 33 సార్లు, 'అల్‌హమ్దులిల్లాహ్' 33 సార్లు, 'అల్లాహు అక్బర్' 34 సార్లు స్మరించి నూరు పూర్తిచేస్తారు. కొందరు మూడవదానిని కూడా 33 సార్లే పలికి, నూరవదిగా ఏకేశ్వర వాక్యాన్ని చెప్పుకుంటారు. వ్రేళ్ళ కణుపుల మీద లెక్కించేవారు కొందరు, తస్బీహ్ అనే పూసల మాల త్రిప్పేవారు కొందరు. ఖురాన్ రెండవ అధ్యాయంలోని 255వ వాక్యమైన 'ఆయతుల్ కుర్సీ'ని పఠించడమూ ఉన్నది. ఆ పిమ్మట అరచేతులు పైకెత్తి దువా చేస్తారు. తనకు, తల్లిదండ్రులకు, వ్యాధిగ్రస్తులకు, గతించినవారికి మేలు కోరుకుంటారు. ఇది ఏ భాషలోనైనా చేయవచ్చును. తెలుగువాడు తెలుగులోనే తన గోడు చెప్పుకోవచ్చును.

నమాజు ముగియగానే ప్రక్కవారితో కరచాలనం చేయడం, ఇమాం వెంట అందరూ కలిసి దువా చేయడం మన దేశంలో చాలాచోట్ల కనిపిస్తుంది. వీటి విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. సోదరభావాన్ని పెంచే మంచి అలవాటని కొందరు, ప్రవక్త కాలంలో నియమంగా లేనిదానిని నియమం చేయరాదని మరికొందరు అంటారు. ఏ పక్షంవారైనా అంగీకరించే మర్యాద ఒకటున్నది. కన్నులు మూసుకొని స్మరణలో ఉన్నవానిని చేయి చాచి కదిలించరాదు. చేయి చాచినవానిని కాదని అవమానించనూరాదు. కార్ఖానాలో నమాజు ముగించుకొని కూర్చున్న సహోద్యోగిని పని మీద పిలువవలసివస్తే, అత్యవసరం కానప్పుడు, ఆ రెండు మూడు నిమిషాలు ఆగడం మన వంతు మర్యాద.

పండుగ దినాలలో

రంజాన్ నెల చివర నెలవంక కనిపించినది మొదలు తక్బీర్ల స్మరణ సాగుతుంది. ఉదయమే స్నానం చేసి, ఉన్నంతలో మంచి దుస్తులు ధరించి, బేసి సంఖ్యలో ఖర్జూరాలు తిని ఈద్గాకు బయలుదేరడం సున్నత్. ప్రార్థనకు ముందే ఫిత్రా దానం చెల్లించాలి. ఇంటిలోని పసిబిడ్డతో సహా ప్రతి ఒక్కరి పేరిట ఇంత ధాన్యమో, దాని వెలయో పేదలకు అందాలి. పండుగనాడు ఎవరూ చేయి చాచవలసిన స్థితి రాకూడదన్నది దీని ఆంతర్యం. కనుక ఈద్ శుభాకాంక్షల కంటె ముందు నడిచేది దానమే.

ఈద్ నమాజు రెండు రకాతులు. దీనికి అజాన్ ఉండదు. శుక్రవారం ఖుత్బా నమాజుకు ముందు వస్తే, ఈద్ నాడు తరువాత వస్తుంది. నమాజు కాగానే ఆలింగనాలకు త్వరపడక ఖుత్బా పూర్తిగా విని లేవాలని పెద్దలు హెచ్చరిస్తుంటారు. ఆ పైన 'తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్‌కుమ్' అని ఒకరికొకరు చెప్పుకుంటారు. మా ఆరాధనను, మీ ఆరాధనను దేవుడు స్వీకరించుగాక అని అర్థం. ప్రవక్త సహచరులు ఇలా చెప్పుకునేవారని ప్రతీతి. 'ఈద్ ముబారక్' అనడం, ముమ్మారు ఆలింగనం చేసుకోవడం మన ఉపఖండంలో వేళ్ళూనిన ఆచారాలు. ఈద్గాకు ఒక దారిన వెళ్ళి వేరొక దారిన తిరిగి రావడం ప్రవక్త అలవాటు. రెండు దారులలోని వారినీ పలకరించే వీలు కలగడం దీనికి పండితులు చెప్పే కారణాలలో ఒకటి.

బక్రీదుకు ప్రార్థన తరువాతనే ఆహారం తీసుకోవడం మేలంటారు. జిల్‌హజ్ నెల 9వ తేదీ వేకువ నమాజు మొదలుకొని 13వ తేదీ సాయంకాలపు అస్ర్ నమాజు వరకు, మొత్తం 23 నమాజుల తరువాత తక్బీర్ పలకడం హనఫీ సంప్రదాయం. ఖుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేసి ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు పంచడం పరిపాటి.

ముహర్రం సంగతి వేరు. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఇమాం హుస్సేన్ అమరులైన దినమది. మన తెలుగునాట పీర్ల పండుగగా, అనంతపురం జిల్లా గూగూడు వంటి చోట్ల హిందువులు సైతం భక్తితో పాల్గొనే సందర్భంగా ప్రసిద్ధి పొందినా, ఆ దినాన 'ముబారక్' అనడం తగదు. మౌనంగా చేయి కలిపి గౌరవం చూపడమే ఉచితం.

మన వంతు

ఇతర మతస్థులమైన మనము ఏమని పలకరించాలి? 'నమస్కారం' అన్నా, 'ఆదాబ్' అన్నా, పండుగనాడు 'ఈద్ ముబారక్' అన్నా సంతోషంగానే స్వీకరిస్తారు. 'ఖైర్ ముబారక్' అని బదులు చెబుతారు. స్త్రీల విషయంలో వారు చేయి చాచితే తప్ప కరచాలనానికి పూనుకోకుండా, చేయి ఎత్తి 'ఆదాబ్' చెప్పడం మర్యాద. మాంసాహారం ముట్టనివారు ఆ సంగతి ముందే చనువుగా చెబితే ఏ గృహిణీ నొచ్చుకోదు. సేమ్యా పాయసం ఎలాగూ ఉంటుంది.

కొలిమి పండుగకు ఆరదు. ఈద్ నాడు ఒక షిఫ్టు మనం అందుకుంటే, దసరానాడు మన షిఫ్టు అందుకునేవారు లేకపోరు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మరింత పెరగాలని మా కోరిక. సలాముకు అంతకంటె మేలైన సలాముతో బదులీయాలన్న వాక్యానికి మన కార్ఖానాలలో దొరికే చక్కని ఉదాహరణ ఇదే. పాఠకులందరి ఇళ్ళలోను శాంతి నెలకొనుగాక!